పేపరు పంపే ముందు ముందుగా లెక్కలు, ఆఖరున ఇంగ్లీషు

"ప్లేజియరిజం ఎనిమిది శాతమే వచ్చింది మేడమ్. ఇంక పంపేయడమే."

మొన్న వేసవిలో ఒక పీహెచ్‌డీ అమ్మాయి మా వరండాలో ల్యాప్‌టాప్ తెరుస్తూ అన్న మాట ఇది. మా ఇల్లు శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్‌కి దగ్గర. ఇరవై రెండేళ్లుగా డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. ఆదివారం పొద్దున్న ఎవరో ఒకరు జర్నల్‌కి పంపబోయే పరిశోధన పేపరు పట్టుకుని వస్తారు. పలాస నుంచి, టెక్కలి నుంచి, విజయనగరం నుంచి కూడా. అందరూ ముందు చెప్పేది ఆ శాతమే. మీ వాక్యాలు ఇంకొకరి వాక్యాలతో ఎంత కలిశాయో ఆ శాతం చెబుతుంది. మీ లెక్క మీ సర్వే ఫారాలతో కలిసిందా లేదా అన్నది దానికి తెలియదు. నాకు కావలసింది ఆ రెండోది. అందుకే నా దగ్గరికి వచ్చే వాళ్లందరి చేతా నేను చేయించే వరస వేరు. ముందు అంకెలు, తర్వాత రిఫరెన్సులు, ఆ తర్వాత పోలిక శాతం, అన్నిటికన్నా ఆఖరున ఇంగ్లీషు. గ్రామర్ దిద్దుకున్నాక అంకె మారితే వాక్యం మళ్లీ రాయాలి, పేపరు మొదట ఉండే సారాంశం, అదే అబ్‌స్ట్రాక్ట్, కూడా మారుతుంది. ఆ శ్రమంతా వృథా.

ఈ పట్టుదలకు కారణం ఉంది. నాలుగేళ్ల క్రితం నా పేరు కూడా ఉన్న ఒక పేపరు ఏడు నెలలు ఒక జర్నల్లో ఉండి తిరిగొచ్చింది. జర్నల్ తరఫున పేపరు పరీక్షించే రివ్యూయర్ రాసింది రెండే వాక్యాలు. రెండో టేబుల్‌లో శాతాలు ఇచ్చిన మనుషుల సంఖ్యతో రావడం లేదు, మిగతావి చదవలేదు అని. ఆయన చెప్పింది నిజమే. పదిహేను నిమిషాలు కూర్చుంటే మాకే దొరికేది. స్టాటిస్టిక్స్ చెప్పే మనిషిని నేను ఉండి కూడా చూసుకోలేదు. ఆ రోజు నుంచి మెషీన్‌తో ఒకసారి, చేత్తో ఒకసారి చూడకుండా ఏ పేపరూ పంపనివ్వడం లేదు.

ఆ అమ్మాయి పేపరు ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస అంటే మా జిల్లాలో ప్రతి ఇంటికీ తెలుసు. అక్కడ కిడ్నీ జబ్బు ఎందుకు ఇంతలా ఉందో ఇప్పటికీ ఒక్క కారణం తేలలేదు. మా పెద్ద మేనమామది కవిటి దగ్గరే. డయాలసిస్ మీద ఐదేళ్లు ఉండి పోయారు. ఆ ఊళ్లలో ఎవరో వచ్చి ప్రశ్నలు అడిగి, రక్తం తీసుకుని వెళ్లడం జనానికి అలవాటైపోయింది. వాళ్లు ఇచ్చిన జవాబు మన టేబుల్‌లో తప్పుగా పడితే నాకు ఓర్చుకోబుద్ధి కాదు.

మొదటి పని: షీటును ముట్టుకోకుండా పెట్టండి

ఫారాల నుంచి టైపు చేసిన అసలు ఎక్సెల్ షీటుకు ఒక నకలు తీసి, అసలుదాని పేరులో తేదీ పెట్టి, మార్చే వీలు లేకుండా రీడ్ ఓన్లీ చేసి పక్కన పెట్టండి. ఇంక పని అంతా నకలు మీదే. తర్వాత ఆ నకల్లో ప్రతి కాలమ్‌నూ ఫిల్టర్ పెట్టి చూడండి. ఏ కాలమ్‌లో ఏమేం విలువలు ఉన్నాయో వరసగా కనిపిస్తాయి.

ఈ అమ్మాయి షీటులో "వారానికి ఎన్ని నొప్పి మాత్రలు" అన్న కాలమ్‌కి ఫిల్టర్ పెట్టాం. 0 ఉంది, 1 ఉంది, వాటి కింద 02-మార్, 04-మే అని ఉన్నాయి. ఫారం మీద ఉన్నది "2-3", "4-5". ఎక్సెల్ వాటిని తేదీలు అనుకుంది. ఒకసారి తేదీ అయ్యాక ఫార్మాట్ మార్చి నంబరు చేద్దామంటే 45353 లాంటిది వస్తుంది. 2024లో టైపు చేసి ఉంటే మార్చి 2కి ఎక్సెల్ లోపల ఉండే అంకె అదే. దీనికి మందు ఒకటే. టైపు చేయక ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చుకోవాలి. ఇప్పటికే పాడైతే ఫారాలు తీసి మళ్లీ కొట్టాలి, గుర్తున్నదాన్ని బట్టి దిద్దకూడదు.

ఇది మన దగ్గర కంప్యూటరు రాని వాళ్లకే జరిగే తప్పు అనుకోకండి. జన్యువుల పేర్లలో సెప్ట్2, మార్చ్1 లాంటివి ఉండేవి. ఎక్సెల్ వాటినీ తేదీలు చేసేది. 2016లో జీమన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు జన్యువుల జాబితాలను ఎక్సెల్‌లో జతచేసిన పేపర్లు వెతికితే దాదాపు ఐదింట ఒక దానిలో ఈ తప్పు దొరికింది. చివరికి 2020లో పేర్లు పెట్టే కమిటీయే దిగివచ్చి సెప్టిన్2, మార్చ్‌ఎఫ్1 అని జన్యువుల పేర్లు మార్చింది.

రెండో పని: సగటు అసలు సాధ్యమేనా

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష ఇది. దీని పేరు గ్రిమ్. నిక్ బ్రౌన్, జేమ్స్ హెదర్స్ అనే ఇద్దరు దీన్ని రాశారు. నెట్‌లో కాలిక్యులేటర్లు ఉన్నాయి కానీ ఫోన్లో ఉన్న మామూలు కాలిక్యులేటర్ చాలు. జవాబులు పూర్ణాంకాలైనప్పుడు, మనుషులు వంద లోపు ఉన్నప్పుడు, సగటు రెండు దశాంశాలకు ఇచ్చినప్పుడు పనికొస్తుంది.

ఆలోచన చాలా తేలిక. ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు అంటే జవాబు 2, 3, 4 ఇలా ఉంటుంది. అందరివీ కూడితే వచ్చేది కూడా పూర్ణాంకమే. దాన్ని మనుషుల సంఖ్యతో భాగిస్తే సగటు. కాబట్టి పేపరులో ఉన్న సగటును మనుషుల సంఖ్యతో గుణిస్తే పూర్ణాంకానికి దగ్గరగా రావాలి. సరిగ్గా రాకపోతే, వచ్చినదానికి అటూ ఇటూ ఉన్న రెండు పూర్ణాంకాలను మళ్లీ మనుషుల సంఖ్యతో భాగించి చూడాలి. రెండు దశాంశాలకు సవరిస్తే పేపరులో ఉన్న సగటు ఏదో ఒకదానితో రావాలి. రెండిటితోనూ రాలేదంటే ఆ సగటు ఆ మందితో వచ్చే వీలే లేదు.

అమ్మాయి టేబుల్‌లో ఇలా ఉంది: పొలంలో మధ్యాహ్నం లోపు తాగే నీళ్లు, మనుషులు 28, సగటు 3.45 గ్లాసులు.

నేను కాలిక్యులేటర్ తన చేతికిచ్చాను. 28ని 3.45తో గుణిస్తే 96.6. సరే, 97 అనుకుందాం. 97ని 28తో భాగిస్తే 3.46. పోనీ 96 అనుకుందాం. 3.43. మధ్యలో 3.45 ఎక్కడినుంచీ రాదు.

"ఏటి మేడమ్ ఇది, కంప్యూటరే కదా లెక్క కట్టింది" అంది. కాసేపు చూసి తనే, "అంకెలు తిరగబడ్డాయేమో, 3.54 అయి ఉంటుంది. మార్చేస్తాను" అని కీబోర్డు మీద చెయ్యి వేసింది. 3.54ని 28తో చూస్తే 99.12. 99ని 28తో భాగిస్తే 3.54 సరిగ్గా వస్తోంది. గ్రిమ్ పాస్. చాలామంది ఇక్కడ మార్చేసి ముందుకు వెళ్లిపోతారు. నేను తన చెయ్యి పట్టుకుని ఆపాను. పరీక్ష చెప్పింది 3.45 కుదరదు అని మాత్రమే. ఎందుకు కుదరదో చెప్పలేదు. అది తెలియాలంటే ఫారాలు చూడాలి. పలాస నుంచి ఫారాలు తెచ్చావా అంటే, తేలేదంది. వచ్చే ఆదివారం తెమ్మన్నాను.

తెచ్చింది. జీడిపప్పు సంచిలో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి. కింద కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టాం. 29 వచ్చాయి. ఆఖరి ఫారం మూలన ఎర్ర పెన్నుతో "డి" అని ఉంది. సంతకం చోట వేలిముద్ర ఉంది. ఇంకుప్యాడ్ ముద్ర పక్కన ఇంకో నల్లటి వేలి మరక, చెరిపినా పోయేది కాదు. జీడిపిక్కలు కొట్టే వాళ్ల వేళ్లకు ఉండే జీడి నూనె మరక అది. ఆమెకు అప్పటికే డయాలసిస్ మొదలైంది. డయాలసిస్ లేని రోజుల్లో పిక్కలు కొడుతుందట. పరిశోధన నియమం ప్రకారం డయాలసిస్‌లో ఉన్నవాళ్లను తీసేయాలి, తీసేశారు. అందుకే 28. కానీ నీళ్ల సగటు మాత్రం తీసేయక ముందు కట్టింది. 29 మందివీ కలిపితే సరిగ్గా 100 గ్లాసులు. 100ని 29తో భాగిస్తే 3.45. డయాలసిస్‌లో ఉన్నవాళ్లను డాక్టర్లు నీళ్లు కొలిచి తాగమంటారు. ఆమె జవాబు ఒక్క గ్లాసు. అది తీసేస్తే 99. అలా 3.54.

అంకె అదే వచ్చింది కదా, ముందే మార్చేసి ఉంటే ఏమయ్యేది అనిపించవచ్చు. టైపింగ్ తప్పయితే చెడేది ఆ ఒక్క గడే. పాత లెక్క మిగిలిపోవడం అయితే ఆ వరసలో పక్కనున్న ఎస్‌డీ (జవాబులు సగటుకు ఎంత అటూ ఇటూ ఉన్నాయో చెప్పే అంకె) కూడా 29 మందిదే, కింది వరసల్లో వయసు, కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష క్రియాటినిన్ కూడా 29 మందివే కావచ్చు. చూస్తే మూడు వరసలు అలాగే ఉన్నాయి. గడి మార్చి వదిలేసి ఉంటే ఆ మూడూ అచ్చయ్యేవి.

శాతాలకు కూడా ఇదే ఉపాయం. 28 మందిలో ఒక్క మనిషి అంటే 3.57 శాతం. 12 మంది అంటే 42.9, 13 మంది అంటే 46.4. కాబట్టి 28 మంది ఉన్న టేబుల్‌లో 45 శాతం కనిపిస్తే ఆగి చూడండి. బ్రౌన్, హెదర్స్ తాము పరీక్షించగలిగిన 71 సైకాలజీ పేపర్లలో సగం దాకా కనీసం ఒక్క సగటయినా కుదరనిది ఉందని చూపించారు. వాటిలో మోసం ఎంత, పొరపాటు ఎంత అన్నది ఈ లెక్కతో తేలదు. మన 29వ ఫారం లాంటివి వాటిలో చాలానే ఉంటాయని నేను అనుకుంటున్నాను.

మూడో పని: స్టాట్‌చెక్

నెదర్లాండ్స్‌కు చెందిన మిషెల్ నౌటెన్, సాషా ఎప్స్‌కాంప్ తయారు చేసిన ప్రోగ్రాం ఇది. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ తెలిసిన వాళ్లకు ప్యాకేజీగా దొరుకుతుంది, తెలియని వాళ్లకు వెబ్‌సైట్ ఉంది. పేపరు ఫైలు అప్‌లోడ్ చేస్తే అందులో టి, ఎఫ్, కై స్క్వేర్ లాంటి టెస్టుల ఫలితాలను వెతికి, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ను (మనుషుల సంఖ్యను బట్టి వచ్చే అంకె) పట్టుకుని పి విలువను తనే మళ్లీ కట్టి, మీరు రాసినదానితో పోల్చి చూపిస్తుంది. డబ్బు కట్టనక్కర్లేదు. పి విలువ అంటే, నిజంగా తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం. మామూలుగా అది 0.05 కన్నా తక్కువైతే తేడా ఉంది అంటారు.

వాళ్లు 1985 నుంచి 2013 వరకు వచ్చిన ఎనిమిది సైకాలజీ జర్నళ్లను దీనితో చదివించారు. రెండున్నర లక్షలకు పైగా పి విలువలు. సగం పేపర్లలో కనీసం ఒక పి విలువ దాని లెక్కతో కలవలేదు. ఎనిమిదింట ఒక పేపర్లో ఆ పొరపాటు ఎంతుందంటే, "తేడా ఉంది" అన్న తీర్పు "లేదు"గానో, "లేదు" అన్నది "ఉంది"గానో మారిపోయేంత.

ఆ అమ్మాయి పేపరులో ముఖ్యమైన వాక్యం ఇదే: టి(26) = 1.98, పి = 0.038. స్టాట్‌చెక్ ఎర్రగా చూపించింది. అది కట్టిన విలువ 0.058. ఎక్సెల్‌లో కూడా చూశాం. టి-డిస్ట్-2టి అనే ఫంక్షన్‌లో 1.98, 26 ఇస్తే అదే 0.058. ఐదు అనే చోట మూడు పడింది. అంతే. కానీ ఆ అంకె మీదే అబ్‌స్ట్రాక్ట్ చివరి వాక్యం నిలబడి ఉంది.

తన మొహం వాడిపోయింది. "0.05 దాటితే ఎవరు వేసుకుంటారు మేడమ్?" అని అడిగింది. ఇది అందరూ అడుగుతారు, ఇక్కడే మనిషి తప్పు దారి పడతాడు. ఒక వైపు తేడానే చూసే వన్ టెయిల్డ్ టెస్టు చేస్తే 0.029 అవుతుంది కదా అని ఎవరో చెబుతారు. ఫలితం చూశాక టెస్టు మార్చడం తప్పు. చేయవద్దు. 0.058 అనే రాయండి, అసలు తేడా ఏ హద్దుల మధ్య ఉండవచ్చో చెప్పే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌ను దాని పక్కనే ఇవ్వండి, ఈ 28 మందితో తేడా ఉందని గట్టిగా చెప్పలేం అని రాయండి. ఆ అమ్మాయి అలాగే రాసింది. ఆ వాక్యం పేపరులో అన్నిటికన్నా నిజమైన వాక్యం.

స్టాట్‌చెక్ వాడేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి. టేబుల్ లోపలి అంకెలను అది చదవలేదు. ఫలితం వాక్యంలో ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో, అంటే టి, బ్రాకెట్లో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, విలువ, కామా, పి ఇలా వరసగా ఉండాలి. లేకపోతే "ఏమీ దొరకలేదు" అంటుంది. ఏమీ దొరకలేదు అంటే తప్పులు లేవని కాదు, అది చదవలేదని. ఇక ఒకేసారి చాలా టెస్టులు చేసినప్పుడు వాడే బాన్‌ఫెరోని లాంటి సవరణ చేసిన పి విలువలను, మొదట్నుంచీ వన్ టెయిల్డ్‌గా అనుకున్న టెస్టులను అది కొన్నిసార్లు ఊరికే తప్పు పడుతుంది. ఎర్ర గుర్తు చూసి టెన్షన్ పడి విలువ మార్చేయకండి. మీ సాఫ్ట్‌వేర్ అవుట్‌పుట్ తెరిచి ఆ వరస చూసుకోండి.

రిఫరెన్సులు

రిఫరెన్సులు దాచిపెట్టే జొటేరో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. ఉచితం. రిఫరెన్సులన్నీ డీఓఐతో (పేపరుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) అందులోకి చేర్చండి. చేర్చినప్పుడు రెండు పనులు జరుగుతాయి. లేని పేపరు ఉంటే డీఓఐ తెరుచుకోదు, లేదా వేరే పేపరు తెరుచుకుంటుంది, పేరు పోల్చి చూస్తే మీకు తెలిసిపోతుంది. వెనక్కి తీసుకున్న పేపరు ఉంటే జొటేరో ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది. 2019 నుంచి అది వెనక్కి తీసుకున్న పేపర్ల లెక్క రాసే రిట్రాక్షన్ వాచ్ వాళ్ల జాబితాతో పోల్చి చూస్తోంది. ఆ జాబితాను 2023లో డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ కొని అందరికీ తెరిచి పెట్టింది. ఎలా ఉంటుందో చూడాలంటే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ పేపరు డీఓఐ వేసి చూడండి. 2010లో దాన్ని వెనక్కి తీసుకున్నారు.

లేని పేపర్లు ఎక్కడినుంచి వస్తాయి అంటారా? చాట్‌జీపీటీ లాంటి వాటిని రిఫరెన్సులు ఇవ్వమని అడిగితే నిజమైన రచయితల పేర్లు, నిజమైన జర్నల్ పేరు పెట్టి లేని పేపరును రాసిస్తాయి. చూడటానికి ఎక్కడా అనుమానం రాదు. మా దగ్గరికి వచ్చిన ఒక పేపర్లో 31 రిఫరెన్సులుంటే నాలుగు అలాంటివి. ఆ కుర్రాడు కావాలని చేసింది కాదు, తెలియక పెట్టాడు. అందుకే నేను పెట్టిన నియమం: మీరు తెరిచి కనీసం అబ్‌స్ట్రాక్ట్ చదవని పేపరును రిఫరెన్సుగా పెట్టకూడదు.

ఇప్పుడు ఆ శాతం

పోలిక శాతం ముఖ్యమే, లేదనను. యూజీసీ 2018 నియమాల ప్రకారం థీసిస్‌లో 10 శాతం వరకు పోలికకు చర్య లేదు. 10 నుంచి 40 అయితే ఆరు నెలలకు మించని గడువులో సరిచేసి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి కూడా తీసుకోరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు, మూలం చెప్పి కొటేషన్లలో పెట్టిన భాగాలు లెక్కలోకి రావు. వరసగా 14 మాటల దాకా యాదృచ్ఛికంగా కలిస్తే అదీ వదిలేస్తారు. సాఫ్ట్‌వేర్‌లో ఈ సెట్టింగులు పెట్టారో లేదో లైబ్రేరియన్‌ను అడిగి చూసుకోండి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల శోధ్‌శుద్ధి పథకం కింద 2019 నుంచి యూనివర్సిటీలకు ఈ సాఫ్ట్‌వేర్ ఇస్తున్నారు. కాబట్టి ముక్కూ మొహం తెలియని సైటులో మీ పేపరు అప్‌లోడ్ చేసి డబ్బు కట్టే పని లేదు. అలాంటి చోట పెట్టిన పేపరు ఎటు పోతుందో మీ చేతిలో ఉండదు.

శాతం కన్నా రిపోర్టు తెరిచి రంగు పడిన చోట్లు చదవండి. మెథడ్స్‌లో రక్తం నమూనా ఎలా తీశారన్న వాక్యం పది మందితో కలుస్తుంది, అందులో దొంగతనం లేదు. డిస్కషన్‌లో ఒక పేరా మొత్తం ఒకే మూలంతో కలిస్తే అది ఆలోచించాల్సిన విషయం. మీ సొంత థీసిస్ శోధ్‌గంగలో (మన దేశపు థీసిస్‌లు నెట్‌లో పెట్టే చోటు) ఉంటే మీ పేపరు దానితో కూడా కలుస్తుంది. ఆ సంగతి కవర్ లెటర్‌లో రాసేయండి.

శాతం తగ్గించడానికి మాటలు మార్చి ఇచ్చే సైట్ల జోలికి మాత్రం వెళ్లకండి. ఇది నేను చేతులు పట్టుకుని చెబుతున్నాను. ఆ అమ్మాయికి ఎనిమిది శాతం అలాగే వచ్చింది. మొదట 23 ఉందట. ఇంట్రడక్షన్ చదువుతూ ఒక చోట ఆగిపోయాను. "కిడ్నీ డిసప్పాయింట్‌మెంట్" అని ఉంది. కిడ్నీ ఫెయిల్యూర్‌లో ఫెయిల్యూర్‌ను ఆ సైటు నిరాశ చేసింది. ఉద్దానం మీద పేపరులో ఆ మాట. నాకు మా మేనమామ గుర్తొచ్చారు. తనకి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏమీ అనలేకపోయింది.

ఇలాంటి మాటలను పట్టుకోవడానికి కూడా ఇప్పుడు మెషీన్ ఉంది. ఫ్రాన్స్‌లో గియోమ్ కబనాక్, సిరిల్ లబె, వాళ్లతో పాటు అలెగ్జాండర్ మగజినోవ్ 2021లో వీటికి "టార్చర్డ్ ఫ్రేజెస్" అని పేరు పెట్టారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ "కౌంటర్‌ఫిట్ కాన్షస్‌నెస్" అయింది, బ్రెస్ట్ క్యాన్సర్ "బూజమ్ పెరిల్" అయింది. కబనాక్ నడిపే ప్రాబ్లమాటిక్ పేపర్ స్క్రీనర్ అచ్చయిన పేపర్లను ఈ మాటల కోసం జల్లెడ పడుతూ ఉంటుంది. ఒకసారి ఆ జాబితాలో పేరు ఎక్కితే ఆ పేపరు ఎంత నిజాయితీగా చేసినా ఎవరూ నమ్మరు. శాతం తగ్గాలంటే దారి ఒకటే. మూలం చదివి, మూసి, మీకు అర్థమైంది మీ మాటల్లో రాసి, మూలం పేరు పెట్టండి. తను ఆ ఇంట్రడక్షన్ మొత్తం తిరిగి రాసింది. పన్నెండు శాతం వచ్చింది. రంగు పడినవి చూస్తే దాదాపు అన్నీ మెథడ్స్‌లోవి. వాటిలో అరువు తెచ్చుకున్న వాక్యాలకు మూలం పెట్టి, మిగతావి అలాగే ఉంచేశాం.

గ్రాఫులు, చెక్‌లిస్టు

బొమ్మల గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే పేపర్లలో ప్రోటీన్లు, డీఎన్‌ఏ పరీక్షల జెల్ ఫొటోల లాంటివి అరుదు. ఉంటే మాత్రం జాగ్రత్త. ఎలిజబెత్ బిక్, ఆమె తోటివాళ్లు 20,621 పేపర్లు కంటితో చూసి 3.8 శాతంలో బొమ్మలు తిరిగి వాడినట్టు 2016లో చూపించారు. ఇప్పుడు ఇమేజ్‌ట్విన్, ప్రూఫిగ్ లాంటి డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్లతో చాలా జర్నళ్లే చూసుకుంటున్నాయి. ఫైలు పేర్లు సరిగ్గా పెట్టుకోకపోవడం వల్ల ఒకే ఫొటో రెండు చోట్ల పడటం తేలిక. ఇమేజ్‌జె అనే ఉచిత ప్రోగ్రాంలో కాంట్రాస్ట్ పెంచి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

గ్రాఫుల్లో అందరూ బార్లు గీస్తారు. 14 మంది, 14 మంది ఉన్న రెండు గుంపులకు బార్ గీస్తే మనుషులు మాయమైపోతారు. ఒక్కొక్కరినీ ఒక చుక్కగా పెట్టండి. బార్జూకా అనే ప్రోగ్రాం ఇలాంటి బార్లను, జెట్‌ఫైటర్ అనేది రంగులు సరిగ్గా కనపడని వాళ్లకు ఇబ్బందయ్యే ఇంద్రధనుస్సు రంగులను పట్టుకుంటాయి. కోవిడ్ కాలంలో ఒక పరిశోధకుల బృందం ఇలాంటి పరికరాలన్నీ కలిపి కోవిడ్ ప్రీప్రింట్ల (రివ్యూ కాకముందే నెట్‌లో పెట్టే పేపర్లు) మీద నడిపి, ఫలితాలు అందరికీ కనిపించేలా పెట్టింది. సర్వే తరహా పరిశోధనకు స్ట్రోబ్ చెక్‌లిస్టు తీసుకోండి. 22 అంశాలు. ఒక్కొక్క దానికీ పేజీ నంబరు రాయండి. రాయలేకపోయిన చోట మీ పేపరులో ఆ సంగతి లేదన్నమాట. ఎథిక్స్ అనుమతి నంబరు కూడా చాలామంది మర్చిపోతారు.

ఆఖరున ఇంగ్లీషు

ఇప్పుడు గ్రామర్లీ, లాంగ్వేజ్‌టూల్ ఏదైనా వాడుకోండి. ఒక్కొక్క సూచననూ చదివి ఒప్పుకోండి, "యాక్సెప్ట్ ఆల్" నొక్కకండి. స్టాటిస్టిక్స్‌లో పి విలువను బట్టి వాడే "సిగ్నిఫికెంట్" అన్న మాటను "ఇంపార్టెంట్" చేసేస్తే అర్థం తారుమారు. మందుల పేర్లు, ఊళ్ల పేర్లు డిక్షనరీలో ముందే చేర్చండి. లేకపోతే కంచిలి ఇంకేదో అయిపోతుంది.

చాట్‌బాట్ వాడి ఇంగ్లీషు సరిచేయించుకుంటే ఆ సంగతి పేపరులో చెప్పాలని చాలా జర్నళ్లు అడుగుతున్నాయి. చెప్పండి, అందులో నామోషీ ఏమీ లేదు. దాన్ని రచయితగా పెట్టడానికి మాత్రం మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ ఒప్పుకోదు. రచయిత అంటే తప్పుకు జవాబు చెప్పాల్సిన మనిషి. రోగుల వివరాలున్న షీటును దానిలో పెట్టవద్దు. ఊరు, వయసు, కులం, డయాలసిస్ తేదీ నాలుగూ ఉంటే చిన్న ఊళ్లో మనిషి పేరు లేకపోయినా ఎవరో తెలిసిపోతుంది. ఇంకొకరి పేపరు రివ్యూకి వచ్చినా అంతే. అది మీ సొత్తు కాదు.

పరికరాలన్నీ పాస్ అయ్యాక కూడా ఒక గంట వాటికి తెలియని విషయాల మీద కూర్చోండి. ఈ 28 మందిని ఎలా ఎంచారు? నీళ్ల సంగతి అడిగింది ఏప్రిల్లోనా, డిసెంబర్లోనా? గ్లాసు అంటే ఏ గ్లాసు? ఆ అమ్మాయిని ఇది అడిగితే, కొందరు స్టీలు గ్లాసు, కొందరు చెంబు చూపించారని చెప్పింది. ఆ సంగతి లిమిటేషన్స్‌లో రాయించాను. ఏ సాఫ్ట్‌వేరూ ఆ ప్రశ్న అడగదు.

ప్రతి రిపోర్టునూ పీడీఎఫ్‌గా దాచి, "చెక్" అని ఒక ఫోల్డర్‌లో పెట్టండి. దానిలో ఒక చిన్న నోట్ రాయండి: ఏ తేదీన ఏది నడిపాం, ఏ గుర్తు వచ్చింది, ఏం చూశాం, మార్చామా వదిలేశామా. ఏడు నెలల తర్వాత రివ్యూయర్ అడిగినప్పుడు అప్పుడు ఏం చేశారో మీకే గుర్తుండదు.

రివ్యూ అయి సవరణలు అడిగితే ఇదంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి. కొత్తగా ఇద్దరిని చేర్చమంటారు, ఒక వరస తీసేయమంటారు, అప్పుడే పాత సగటు ఎక్కడో మిగిలిపోతుంది. ఆ అమ్మాయి పేపరు దసరాల ముందు పంపింది. జనవరిలో సవరణలకు వచ్చింది. ఫోన్ చేసి, "మేడమ్, ఫారాల కట్ట పట్టుకుని రేపు పొద్దున్న బేగి వచ్చేస్తాను" అంది.